మడత లోపలి లెక్కలు

శ్రీశైలం రోడ్డు మీద ఉండే కందుకూరులో, ఓ ఇంట్లో వారం రోజులుగా మంచం నిండా కాగితాలే. డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి కన్నుమూసిన నాయన గీసిన బొమ్మలవి. చెరువు కట్ట, తాటిచెట్లు, నీడకు చేరిన మేకలు... పల్చటి కాగితం మీద పక్కపక్కనే రెండేసి. వాటిని పుస్తకంగా కుట్టాలని పెద్దకూతురి పట్టుదల.

చిక్కంతా వెనకవైపు ఉంది. కాగితం వృథా కాకూడదని అమ్మ ప్రతి బొమ్మ వెనకా ఇంటి లెక్కలు రాసుకుంది. పాలు, కిరసనాయిలు, చిట్టీ డబ్బులు! ‘అవేం జేస్కుంటవక్కా? తెల్ల కాగితం అంటించెయ్’ అన్నాడు తమ్ముడు. ఆమెకు మనసొప్పలేదు. అమ్మ కూడా లేదిప్పుడు. చేతిరాత అంటూ మిగిలింది అదొక్కటే.

దారి జపాన్ వాళ్ల పాత పుస్తకాల్లో దొరికింది. పల్చటి కాగితానికి వాళ్లు ఒకవైపే రాసేవారు. రాత పైకి కనిపించేలా మధ్యకు మడిచి, మడతను బయటి అంచున ఉంచి, విడి అంచులను వెన్నువైపు కలిపి కుట్టేవారు. ప్రతి ఆకూ ఓ సంచీ అన్నమాట. అందుకే ఆ పద్ధతిని ‘ఫుకురో తోజి’ అన్నారు. సంచీ కుట్టు అని అర్థం.

వెనకవైపు రాతలకూ అక్కడ విలువుంది. కాగితం దొరకడం కష్టమైన రోజుల్లో పాత పత్రాల వెనక కొత్తవి రాసుకునేవారు. అలా అనుకోకుండా మిగిలిపోయిన రాతలను ‘షిహై మోంజో’ అంటూ చరిత్రకారులు శ్రద్ధగా చదువుతారు. బొమ్మలో ఖాళీ వదలడం కూడా కళేనంటారు జపాన్ వాళ్లు. అమ్మ వింటే మాత్రం ఒప్పుకునేది కాదు!

జపాన్ అభిరుచి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1903లో కలకత్తా వచ్చిన యొకోయామా తైకాన్, హిషిదా షున్సోల సావాసంలో అబనీంద్రనాథ్ ఠాగూర్ రంగును నీళ్లతో పలుచన చేసే పద్ధతిని ఒంటపట్టించుకున్నారు. ఆ ధోరణి ప్రమోద్ కుమార్ చటర్జీ వెంట బందరు జాతీయ కళాశాలకు, అడివి బాపిరాజు వంటి వారికి చేరింది.

మొదట పాత పేపర్ల మీద కుట్టి చూసిందామె. రంధ్రాలు అంచుకు మరీ దగ్గరగా పడి చిరిగిపోయాయి. రెండోసారి వేలెడు ఎడం వదిలి, చెప్పులు కుట్టే ఆరెతో నాలుగు రంధ్రాలు చేసి, నూలు దారం లాగింది. అట్టకు అమ్మ నేతచీర ముక్క. బొమ్మలన్నీ పైకి, లెక్కలన్నీ లోపలికి.

పండక్కి వచ్చిన తమ్ముడు పేజీలు తిప్పుతూ ఓ చోట ఆగాడు. మడతను కాస్త విప్పి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

‘అక్కా... చిన్నోడికి పలక, రెండు రూపాయలని ఉంది!’

తర్వాతి ఆకు కూడా విప్పి చూస్తున్నాడు.