తరవాణి కుండ, ఇమ్యూనిటీ సీసా

వానలు ముదిరినప్పుడు ఒకసారి, చలి ముదిరినప్పుడు మరొకసారి ఫ్లూ భారతదేశాన్ని చుట్టుముడుతుంది. కశ్మీరులో అది ప్రధానంగా శీతకాలపు జ్వరం. దక్షిణాదిలో వర్షాలతో పెరిగే జ్వరం. రాజకీయ పక్షాలకు ఎన్నికల తేదీలు ఎలాంటివో, ‘ఇమ్యూనిటీ’ వ్యాపారానికి ఈ రెండు ఋతువులూ అలాంటివే. మందుల దుకాణంలో చ్యవనప్రాశ డబ్బాలు, తులసి చుక్కల మందులు, ప్రోబయాటిక్ సీసాలు ముందు వరుసలోకి వచ్చేస్తాయి. అన్నింటి మీదా ఒకే వాగ్దానం: రోగనిరోధక శక్తిని పెంచును. ఎంత పెంచును, దేనితో కొలిచి చెప్పుచున్నారు అని అడిగే ఆచారం మాత్రం లేదు.

రోగనిరోధక శక్తి నీళ్ల ట్యాంకు కాదు, మోటారు వేసి మట్టం పెంచడానికి. పడిశం పట్టినప్పుడు ముక్కు కారడం, ఒళ్లు కాలడం, కీళ్లు లాగడం చాలావరకు ఆ శక్తి పనిచేస్తున్నదనడానికి చిహ్నాలే. అది మితిమీరితే ఉబ్బసం, కొన్ని రకాల కీళ్లవాతం వంటి జబ్బులు వస్తాయి. లాఠీ ఎత్తడం ఒక్కటే తెలిసిన పోలీసు వ్యవస్థ మంచి పాలనకు గుర్తు కానట్టే, ఎప్పుడూ రెచ్చిపోయి ఉండే నిరోధకత ఆరోగ్యానికి గుర్తు కాదు. కావలసింది విచక్షణ. శరీరం ఆ విచక్షణను నేర్చుకొనే ముఖ్యమైన బడి జీర్ణకోశం. నిరోధక కణాలలో చాలా పెద్ద భాగం పేగుల గోడల వెంబడే కాపురముంటుంది. తిన్న ఆహారంలోని పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి తయారుచేసే ఆమ్లాలే ఆ గోడకు పోషణనిస్తాయి. మిత్రుణ్ణీ శత్రువునూ వేరుచేసి చూడడంలో నిరోధక కణాలకు తోడ్పడతాయి.

ఇక్కడివరకు ఇది శరీరశాస్త్రం. ఇది రాజకీయంగా మారిన సందర్భం 2020. ఆ ఏడాది మార్చి 31న కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రజలకొక సలహాపత్రం విడుదల చేసింది. రోజంతా గోరువెచ్చని నీరు, వంటలో పసుపు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి, పొద్దున పది గ్రాముల చ్యవనప్రాశ, తులసి-దాల్చినచెక్క-మిరియాలు-శొంఠి-ఎండుద్రాక్షల కషాయం, 150 మిల్లీలీటర్ల వేడిపాలలో అరచెంచా పసుపు. మితంగా పాటిస్తే అందులో హాని చేసేది దాదాపు లేదు. అది కోవిడ్‌కు చికిత్స అని మంత్రిత్వశాఖ కూడా చెప్పలేదు. అయితే ఆ పత్రంలోని ప్రతి వాక్యానికీ కర్త పౌరుడే. తాగవలసినది అతడు, నమలవలసినది అతడు, ప్రాణాయామం చేయవలసినదీ అతడే.

సర్కారు తెరచిన వాకిట్లోకి వ్యాపారం రావడానికి మూడు నెలలు పట్టలేదు. జూన్ 23న పతంజలి సంస్థ ‘కొరొనిల్’ను కోవిడ్ మందుగా ప్రకటించింది, ఆ ప్రచారాన్ని ఆపమని అదే రోజున అదే మంత్రిత్వశాఖ చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత అది నిరోధకశక్తిని పెంచే ఉత్పత్తిగా అమ్ముడుపోయింది. మందు అనడానికి రుజువు కావాలి. ఇమ్యూనిటీ అనడానికి రంగురంగుల పెట్టె చాలు. 2021లో తిప్పతీగను ఎడతెగక వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు నివేదించినప్పుడు, మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను తోసిపుచ్చింది. పెరటి తీగ కదా అని కొలత లేకుండా మింగడం సహజ జీవనం ఎలా అవుతుందో ఎవరూ వివరించలేదు.

జీర్ణకోశానికీ నిరోధకతకూ ఉన్న బంధాన్ని ఈ దేశం అంతకు చాలా ముందే, ఎంతో ఖరీదు చెల్లించి నేర్చుకొంది. ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో పదేసి సార్లు పోలియో చుక్కలు వేసుకున్న పిల్లలకు కూడా పోలియో సోకింది. టీకాలో కుట్ర ఉందన్న వదంతి ఊరూరా పాకింది. కారణం కుట్రలో లేదు, పేగుల్లో ఉంది. ఇరుకు బస్తీలు, మురుగు కలిసిన నీరు, ఆగని విరేచనాలు, ఇతర వైరస్‌ల రద్దీ. ఆ పేగుల్లో వ్యాక్సిన్ వైరస్‌కు నిలదొక్కుకొనే చోటే దొరకలేదు. ఒక్కో మోతాదు ఇచ్చే రక్షణ దేశంలోని ఇతర ప్రాంతాల కంటే అక్కడ తక్కువగా ఉన్నదని పరిశోధకులు లెక్కకట్టారు. చివరికి ఆ రెండు రాష్ట్రాల్లో 107 బ్లాకులను గుర్తించి, చుక్కలతో పాటు మరుగుదొడ్లు, శుభ్రమైన నీరు, చేతులు కడగడం, తల్లిపాలు, విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు మీద దృష్టి పెట్టారు. మెరుగైన కొత్త టీకా కూడా వచ్చింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హావ్‌డాలో నమోదైంది. ఇంత పెద్ద పాఠం నేర్చుకొన్న దేశం తొమ్మిదేళ్లకే కషాయపు గ్లాసు దగ్గరకు తిరిగి వెళ్లడం విచిత్రం.

ప్రోబయాటిక్ అనగానే కొట్టిపారేయవలసిన పనీ లేదు. ఒడిశాలోని 149 గ్రామాల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. తల్లిపాలు తాగే శిశువులకు ఏడు రోజులు ఎంపిక చేసిన ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి ఆహారమయ్యే పీచును కలిపి ఇచ్చారు. తొలి రెండు నెలల్లో సెప్సిస్ లేదా మరణం వాటిల్లిన వారు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. శ్వాసకోశ సంక్రమణలూ తగ్గాయి. కాని అది ఒకానొక రకం, ఒకానొక వయసు, ఒకానొక మోతాదు. ఆ కీర్తిని అరువు తెచ్చుకొని నగరవాసి ఫ్రిజ్‌లోకి చేరే తీపి సీసాకు ఆ ఫలితంలో వాటా లేదు.

తెలుగు ఇళ్లల్లో సీసాకు బదులు కుండ ఉండేది. తీరాంధ్రలో తరవాణి కుండలో గంజి పులుస్తూనే ఉండేది. రాత్రి మిగిలిన అన్నం అందులో పడి తెల్లవారేసరికి పిల్లల చద్ది అయ్యేది, పక్కన ఉల్లిపాయ, ఒక ఊరగాయ బద్ద. పోతన భాగవతంలో గోపబాలురు చల్దులారగిస్తారు. అదే అన్నం ఒడిశాలో పఖాళ, బెంగాల్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ పాంతా భాత్, తమిళనాట పళైయ సోరు. నేపాల్‌లో ఆకుకూరలను పులియబెట్టి, ఎండబెట్టి గుంద్రుక్ చేస్తారు. సరిహద్దులు గీసినవారి చేతికి ఈ కుండ చిక్కలేదు. అయితే చద్దన్నం ఫ్లూను ఆపుతుందని ఎవరైనా అంటే అది మరో కొరొనిలే. పులిసిన అన్నం, పెరుగు, గంజి, పప్పు, ఆకుకూరలు ఏళ్ల తరబడి పేగులను కాపాడే తిండి మాత్రమే. కుండలో పోసే నీరు శుభ్రంగా లేకపోతే అదీ లేదు.

ఆ తిండి ఎవరికి అందుతున్నదన్నదే అసలు ప్రశ్న. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కెలోరీల పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం ఉండాలి. ధాన్యం 250 గ్రాములు. ఆహారభద్రతా చట్టం సాధారణ లబ్ధిదారుకు ఇచ్చేది నెలకు అయిదు కిలోల ధాన్యం, అంటే రోజుకు 167 గ్రాములు. మిగిలిన పళ్లెం సంతలో కొనుక్కోవాలి. తెలంగాణ 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలుపెట్టింది. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకొన్న పేదలకు అది గౌరవమే, దాన్ని వెటకరించడం తిన్నింటివాళ్ల పని. కాని పాలిష్ పట్టిన బియ్యం సన్నదైనా లావైనా పేగుల్లోని సూక్ష్మజీవులకు మిగిల్చే పీచు స్వల్పం. పప్పు, జొన్న, రాగి రేషన్ సంచిలోకి ఎప్పుడొస్తాయన్నది ఎన్నికల ప్రశ్న ఎందుకు కాలేకపోతున్నది?

ఉన్న సూక్ష్మజీవులనైనా బతకనిస్తున్నారా అంటే అదీ లేదు. జలుబు, ఫ్లూ వైరస్‌ల పని. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు, పేగుల్లోని బ్యాక్టీరియా మీద మాత్రం చేస్తుంది. 2023 మార్చిలో దగ్గు జ్వరాలు విరుచుకుపడినప్పుడు, అజిత్రోమైసిన్ వంటివి విచ్చలవిడిగా వాడవద్దని భారత వైద్య సంఘం బహిరంగంగా హెచ్చరించింది. చీటీ లేకుండా అమ్మకాలను కట్టడి చేయడానికి కేరళ దుకాణాలపై దాడులకు దిగింది. తక్కిన చాలా చోట్ల రెండు మాత్రలు చింపి ఇచ్చే కత్తెరకు అడ్డులేదు. రోజుకూలీకి మూడు రోజుల విశ్రాంతి అంటే మూడు రోజుల కూలి. అతడు మాత్ర అడగడం అజ్ఞానం ఒక్కటే కాదు.

ఫ్లూకు టీకా ఉంది, ఏటా మార్చవలసినది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో దానికి ఇంకా చోటు లేదు. ప్రైవేటు క్లినిక్కులో దాని ఖరీదు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ డబ్బు పెట్టలేని వృద్ధురాలికి ఈ వానకాలంలోనూ ప్రభుత్వపరంగా అందుబాటులో ఉన్న సలహా, 150 మిల్లీలీటర్ల పాలలో అరచెంచా పసుపు. పాలు ఆమె కొనుక్కోవాలి.