పై గరిటె, అడుగు గరిటె

పోయినేడు మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక జపాన్ బొమ్మల సినిమా చూపించాను. పేరు ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. మిణుగురుల సమాధి అనుకోండి. 1988లో ఇసావో తకహాతా తీశాడు. రెండో ప్రపంచ యుద్ధం పాఠం పిల్లలకి తేదీల మూటలా ఉంటది గదా, ఇదన్నా ఎక్కుద్దని చూపించాను.

1945 జూన్‌లో కోబే పట్టణం మీద అమెరికా విమానాలు నిప్పు కురిపిస్తాయి. తల్లి కాలి చచ్చిపోద్ది. తండ్రి నౌకాదళంలో ఎక్కడున్నాడో తెలియదు. పద్నాలుగేళ్ళ సెయిటా నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకోని తీసుకుని దూరపు చుట్టం ఇంటికి చేరతాడు. ఆమెకి సినిమాలో పేరు కూడా లేదు. అత్త, అంతే. పిల్లల తల్లి పట్టుబట్టలు అమ్మి బియ్యం తెస్తది. కొన్నాళ్ళకి అన్నం జావవుద్ది. పనికి పోయే కూతురికీ, ఇంట్లో ఉండే కుర్రాడికీ అడుగు నుంచి తోడి పెడతది. వీళ్ళకి పైన తేలే నీళ్ళు. దేశం కోసం పనిచేసేవాళ్ళూ, ఇంట్లో ఊరికే కూచునేవాళ్ళూ ఒకటే తిండి ఎట్లా తింటారని దెప్పుద్ది. సెయిటా చెల్లెల్ని తీసుకుని చెరువుగట్టు గుహలోకి పోతాడు. అక్కడ ఇద్దరికీ తిండి లేక ఆ పిల్ల ప్రాణం పోద్ది. తర్వాత వాడిదీ.

సినిమా అయ్యాక పిల్లలు ఏడ్చారు. వెనక నిలబడి చూసిన మా తోటి పంతుళ్ళు ఆమెని రాక్షసి అన్నారు. నేనూ తలూపాను. అమ్మానాన్నలు వలసపోతే అమ్మమ్మ దగ్గరుండే పిల్ల ఒకతి లేచి, “సార్, ఆ ఇంట్లో తినేవాళ్ళు మొత్తం ఎంతమంది?” అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఆ లెక్క నేను సినిమాలోనూ వెయ్యలేదు, నా బతుకులోనూ వెయ్యలేదు.

నన్ను ఆరో తరగతి నుంచి చదివించింది మా మేనత్త. మా గూడెంలో అయిదు దాకే బడి. అత్త గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. మామ మంచాన పడ్డాడు. మా వదిన ఏడుతో చదువు మాని అమ్మ వెంట పోయేది. ఒక బావ. రేషను కార్డులో నాలుగు పేర్లు. నా పేరు మా ఊరి కార్డులో ఉంది. అంటే ఆ ఇంటికొచ్చే బియ్యంలో నాకు గింజ లేదు. పొద్దున గంజిలో పై గరిటె నాకు, అడుగు గరిటె వదినకి. “బడికి బోయేవోడికి బలమెందుకురా, కూలికి బోయేదానికి గావాల గానీ” అనేది. నాకు కడుపులో మంటే గానీ, మిరపకాయల ఘాటుకి రాత్రంతా చేతులు నీళ్ళలో పెట్టుకుని కూచునే వదిన కనపళ్ళేదు. ఎనిమిదో తరగతిలో ఒకనాడు గిన్నె విసిరికొట్టి హాస్టల్‌కి పారిపోయాను. పెద్దయ్యాక ఆ గరిటె గురించి సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అత్త పేరు కూడా చెప్పాను.

అందుకే ఆ జపాన్ అత్త తరపున మాట్లాడాలనిపిస్తోంది. అప్పుడు అక్కడ పెద్ద మనిషికి రోజుకి 330 గ్రాముల బియ్యం రేషను. అదీ 1945 జులైలో పదో వంతు కోసేశారు. బియ్యం బదులు దుంపలిచ్చి బియ్యం లెక్కలోనే రాశారు. బట్టలు అమ్మింది నిజమే, సెయిటాకి చెప్పే అమ్మింది. వాడి తల్లి బ్యాంకులో ఏడువేల యెన్లు దాచిపెట్టింది. వాడు ఆ డబ్బుతో పొయ్యి కొని వేరుగా వండుకున్నాడు గానీ, ఇంట్లో ఒక పూట ఎట్లా గడుస్తుందని ఆమెని అడగలేదు. అసలు కథ అకియుకి నొసాకాది, 1967లో రాశాడు. ఆయన చెల్లెలు 1945లో తిండిలేకే పోయింది. ఆ పిల్ల వాటా తానే తిన్నానని ఆయనే చెప్పుకున్నాడు. రాసినవాడు తనని తాను బోనులో నిలబెట్టుకుంటే, చూసిన మనం అత్తని నిలబెట్టాం.

తకహాతా 1988లోనే ఒక భయం బయటపెట్టాడు. కాలం మళ్ళీ తిరగబడితే జనం ఆ విధవరాలి కంటే గట్టిగా ఈ పిల్లాడినే వేలెత్తి చూపుతారేమోనని. ఆయన భయం నాకు అర్థమైంది. నేను పిల్లాణ్ణి తప్పు పట్టడంలేదు. పద్నాలుగేళ్ళోడికి ఏం తెలుసు? ఆమె గరిటెని నేను వెనకేసుకొస్తాను, ఆమె మాటని కాదు. పనిచేసేవాడికే కూడు అనేది ఆమె సొంత మాట కాదు, సైన్యం మాట. మా అత్త నోట్లో మాట కూడా ఆమెది కాదు. మా తాతని పాలేరుగా పెట్టుకున్న ఆసామి మాట. ఆ మాట పట్టుకుని ఇద్దరాడోళ్ళూ బియ్యం కొలిచారు. బియ్యం ఎందుకు తక్కువయ్యాయో ఎవరూ అడగరు, గరిటె ఎవరి చేతిలో ఉందో చూస్తారు.

సంక్రాంతికి పోయి అత్తకి సెల్‌ఫోన్లో ఆ సినిమా చూపించాను. భాష రాకపోయినా చూసింది. “ఆ పిలగాడు నీళ్ళన్నా మొయ్యొచ్చు గదరా” అంది ఒకచోట. జావ పోసేచోట ఏమీ అనలేదు. నా వంక కూడా చూడలేదు. పిల్లలు సామానుతో గడప దాటి పోతుంటే మాత్రం ఫోన్ దగ్గరికి జరిగింది. ఆ తర్వాత చివరిదాకా ఎవరినో ఎతుకుతున్నట్టే చూసింది.

నేను పారిపోయిన మూడోనాడు అత్త హాస్టల్ గేటు కాడికొచ్చింది. కొంగులో రొయ్యపొట్టు కారం పొట్లం. నేను బయటికి రాలేదు. చీకటిపడిందాకా నిలబడి, వాచ్‌మన్ చేతికిచ్చి పోయింది. ఇది ఏ సభలోనూ చెప్పలేదు.

సినిమా అయిపోయింది. “ఆమె మళ్ళా పిల్లల్ని ఎతకలేదా?” అంది.

“సినిమాలో చూపించలేదు అత్తా.”

“ఎతకలేదన్నమాట” అని ఫోన్ నా చేతిలో పెట్టి, పొయ్యి మీద అన్నం చూడ్డానికి లేచింది.