ఒకే పక్క

2025 డిసెంబర్ 11, ఆసిఫాబాద్
నడుము పట్టిందనుకుంటోంది అమ్మ. ఇవాళ కొంగు తీసి చూపించింది. కుడి రొమ్ము కింద నుంచి వీపు దాకా ఎర్రటి పట్టీ, దాని మీద గుత్తులుగా నీటి పొక్కులు. సరిగ్గా వెన్నుపూస దగ్గర ఆగిపోయాయి.
పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసింది. “సర్పి లేచింది బిడ్డా. జాజు గీపియ్యిండ్రి. తల, తోక కలిస్తే పానానికే మోసం.”
కలవవు. ఆ నరం ఒక పక్కదే, రెండో పక్కకు దాటదు. చెప్పాను. అమ్మ కళ్లల్లో భయం పోలేదు.

డిసెంబర్ 12
ఎసైక్లోవిర్ 800, రోజుకు ఐదు. 72 గంటల లోపే మొదలుపెట్టగలిగాం.
రాత్రి ఆఖరి గోళీ వేసుకుంటూ చెప్పింది: తొమ్మిదేళ్లప్పుడు అమ్మవారు పోసిందట. వేపమండల మీద పడుకోబెట్టారట. ఇంట్లో పోపు పెట్టలేదట. పోచమ్మకు బోనం ఎత్తాకే తలకు పోశారట.
అప్పటి వైరస్సే ఇది. యాభై ఏళ్లకు పైనే వెన్ను పక్కన, నరపు ముడిలో.

డిసెంబర్ 15
ల్యాబ్ పని వెంట తెచ్చుకున్నాను. గ్లైకోప్రొటీన్ ఈ. 623 అమైనో ఆమ్లాలు. వైరస్ పై పొర మీద ఎక్కువగా ఉండేది ఇదే. కణం నుంచి కణానికి దారి చేసేది ఇదే, మన యాంటీబాడీలు పట్టుకునేదీ దీన్నే. ఫ్లూ వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది. ఇది మార్చదు. ఈ వైరస్ శాఖల్లో ఐరోపాలో 1, 3 క్లేడ్లు, జపాన్‌లో 2, మన వైపూ ఆఫ్రికాలోనూ 5 ఎక్కువ. అమ్మది ఐదోదేనా? ఏ క్లేడ్‌ది తీసినా ఈ ప్రొటీన్ దాదాపు అదే.
నిద్రపోయినంత కాలం కాపీ కాదు. కాపీ కానిదాంట్లో తప్పు పడదు. అమ్మ బడికెళ్లింది, పెళ్లయింది, మమ్మల్ని కన్నది, నాన్న పోయాడు. అన్నేళ్లలో దానికి ఒక్క తరమూ గడవలేదు.

డిసెంబర్ 18
ఎడ్గర్ హోప్-సింప్సన్. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊరి డాక్టరు. తన పేషెంట్ల లెక్కలు ఏళ్ల తరబడి రాసుకుని 1965లో చెప్పాడు, చిన్నప్పటి అమ్మవారే పెద్దయ్యాక సర్పిగా లేస్తుందని. ఒక్క జన్యువూ చదవకుండా! ఇక్కడా ఎవరైనా అట్లా రాసుకుంటూ కూర్చుంటే?

డిసెంబర్ 21
పొక్కులు చెక్కు కట్టాయి. నొప్పి మాత్రం అట్లాగే. కొంగు తాకినా మంటేనట. మెత్తబడిన పాత నూలు చీర చించి కప్పాను.
అన్న వాళ్ల పాప నాయినమ్మ ఒడి కావాలని ఏడుస్తోంది. పొక్కులు మేం చూడకముందు ఆ పక్కలోనే పడుకుంది. దానికి అమ్మవారి టీకా పడలేదు, సర్కారు పట్టికలో లేదు. అంటితే 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. వదినకు చెప్పాను. ఏమీ అనలేదు.

డిసెంబర్ 24
గ్లైకోప్రొటీన్ ఈలో 150వ చోటు. 1990ల్లో అమెరికాలో, మినియాపొలిస్ దగ్గర, రక్త కాన్సర్ ఉన్న ఒక బిడ్డ నుంచి తీసిన వైరస్‌లో అక్కడ ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరాజిన్. అంతే తేడా. ఎప్పుడూ పట్టుకునే ఒక యాంటీబాడీకి అది దొరకలేదు. పైగా కల్చర్‌లో మామూలుకన్నా వేగంగా పాకింది.
అంటే మారగలదు. మరి లోకమంతా ఆ రకమే ఎందుకు కాలేదు?

డిసెంబర్ 28
పాప చెవి వెనక ఒకటి. పొట్ట మీద మూడు. జ్వరం.
గదిలోంచి అమ్మ: “నాతోనే అంటిందా బిడ్డా?”

డిసెంబర్ 29
సర్పి టీకా షింగ్రిక్స్ గురించి అన్నకు చెప్పాను. 2023లో మన దేశానికి వచ్చింది. అందులో ఉండేది ఈ గ్లైకోప్రొటీన్ ఈ ముక్కే. అది మారకపోవడమే మనకు మేలు. అమ్మకు నెమ్మదించాక వేయించాలి, రెండు డోసులూ. ఖర్చు నేను పెట్టుకుంటాను.

2026 జనవరి 1
పాపకు కొత్త పొక్కులు ఆగాయి. అమ్మ మంచం మీద నుంచే వదినకు పురమాయిస్తోంది: వేపాకు ఇట్లా, నీళ్లు అట్లా.
ఇద్దరి చెక్కులూ చెరొక ట్యూబులో తీశాను. గ్లైకోప్రొటీన్ ఈ ఒక్కటే చదివితే ఏమీ తేలదు, అందరిదీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఎవరి నుంచి ఎవరికో తెలియాలంటే వైరస్ జన్యుక్రమం మొత్తం, సుమారు 1,25,000 అక్షరాలు చదవాలి. చదవచ్చు. నిజంగా తెలుసుకోవాలనుందా అమ్మకు? హైదరాబాద్ బయల్దేరే ముందు అడగాలి.