సంధ్యాదీపం

"వృద్ధుల నివాసం" అనగానే మనలో చాలామంది కళ్ళ ముందు ఒకే బొమ్మ కదులుతుంది. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రులు, కిటికీ పక్కన కుర్చీ, గుమ్మం వైపు చూపులు. మన సినిమాలూ, కథలూ ఏళ్ళ తరబడి చూపించింది అదే. అమెరికాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఆ మాట ఎత్తితే మన ఇళ్ళల్లో గొంతులు తగ్గిపోతాయి. కానీ మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మనతో పాటు మన అమ్మానాన్నలకూ వయసు పెరుగుతోంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో, పక్షవాతం వచ్చిన నాన్నగారినో, మతిమరుపు ముదిరిన అమ్మనో పగలంతా ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్న ఇప్పుడు మన గుమ్మాల దాకా వచ్చేసింది.

మా తెలుగు బడి పిల్లలు 2023 దీపావళి నుంచి ఇక్కడి డాలస్ పరిసరాల్లోని ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీకి నెలకొక శనివారం వెళ్తున్నారు. పిల్లల్ని తీసుకెళ్ళే వాలంటీరుగా నేను అక్కడ చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ తోటి తల్లిదండ్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ముందుగా పేర్ల గందరగోళం. ఇండిపెండెంట్ లివింగ్ అంటే తమ పనులు తాము చేసుకోగల పెద్దవాళ్ళ అపార్ట్‌మెంట్లు. భోజనం, కాలక్షేపం వాళ్ళు చూస్తారు. అసిస్టెడ్ లివింగ్ అంటే స్నానం, బట్టలు, మందులు లాంటి వాటికి చేయి సాయం ఉండేది. మెమరీ కేర్ అంటే మతిమరుపు జబ్బు ఉన్నవారి కోసం ప్రత్యేకంగా ఉండే విభాగం. నర్సింగ్ హోమ్ అంటే రోజంతా నర్సుల అవసరం ఉన్నవారిది. ఎవరికి ఎంత సాయం కావాలో తేల్చడానికి వీళ్ళు చూసేది ఆరు పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్ళడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, అన్నం తినడం. సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు 1963లో ప్రచురించిన పద్ధతి ఇది. ఈ దేశంలో ఇప్పటికీ ఆ లెక్కే నడుస్తోంది.

ఆ ఆరూ శరీరం పనులు. అవన్నీ సక్రమంగా జరిగిపోయాక కూడా రోజులో ఇంకా చాలా గంటలు మిగులుతాయి. ఆ గంటల సంగతి చూసేదే యాక్టివిటీ డైరెక్టర్.

మేం వెళ్ళే చోట ఆ ఉద్యోగంలో ఉన్నది యాభై దాటిన ఒక నల్లజాతి మహిళ. హాల్లో గోడ మీద పెద్ద క్యాలెండర్ అంటించి ఉంటుంది. పొద్దున కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, తరవాత కాఫీ కబుర్లు, మధ్యాహ్నం బింగో (మన క్లబ్బుల్లో ఆడే హౌసీ లాంటిదే), బుధవారం వ్యానులో వాల్‌మార్ట్ ప్రయాణం, నెలాఖరున ఆ నెలలో పుట్టినవాళ్ళందరికీ కలిపి ఒక కేకు. మొదటిసారి మా పిల్లలు రెండు పాటలు పాడి, ఒక కోలాటం ఆడి, చప్పట్లు కొట్టించుకున్నారు. అయ్యాక ఆవిడ నన్ను పక్కకు పిలిచి అంది: "చాలా బాగుంది. వచ్చేసారి పాటలు తగ్గించి, మా వాళ్ళను ఏమన్నా అడగమనండి. వీళ్ళకు చూపించేవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగేవాళ్ళే లేరు."

ఆ మాట వెనక పెద్ద అనుభవమే ఉంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోములో చేసిన పరిశోధనను ప్రచురించారు. ఒక అంతస్తు వాళ్ళకు తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్ళు నర్సులు పోస్తారని చెప్పారు. ఇంకో అంతస్తు వాళ్ళను మొక్క మీరే ఎంచుకోండి, మీరే పెంచుకోండి, సినిమా ఏ రోజు చూడాలో మీరే నిర్ణయించుకోండి అన్నారు. మూడు వారాలు తిరిగేసరికి రెండో అంతస్తులో హుషారూ, కలివిడితనమూ స్పష్టంగా పెరిగాయి. 1991లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్ళో బిల్ థామస్ అనే డాక్టరు, తను పనిచేసే నర్సింగ్ హోములోకి రెండు కుక్కల్ని, నాలుగు పిల్లుల్ని, వంద చిలకల్ని తెప్పించాడు. ఒంటరితనం, విసుగు, నిస్సహాయత అనే మూడూ ముసలితనానికి పట్టే అసలు తెగుళ్ళని ఆయన అభిప్రాయం. కొన్నాళ్ళుగా నోరు విప్పనివాళ్ళు చిలకల గురించి మాట్లాడారట. మంచం దిగనివాళ్ళు కుక్కను తిప్పుతామని ముందుకొచ్చారట. తిండీ మందులే కాదు, తన అవసరం ఇంకొకరికి ఉందనే నమ్మకం కూడా మనిషికి కావాలి.

మన తెలుగువాళ్ళ విషయంలో అది ఎలా ఉంటుందో ఆ మరుసటి వేసవిలో తెలిసింది. డైరెక్టర్ గారు బడికి ఫోన్ చేసి, తమ దగ్గరికి ఒక తెలుగు పెద్దావిడ వచ్చారని చెప్పారు. దివిసీమ వైపు ఊరు, ఎనభై దాటిన వయసు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, కొంచెం మతిమరుపు కూడా ఉంది. కొడుకు ఆఫీసు నుంచి రోజూ రాత్రి ఏడింటికి వచ్చి కూర్చుంటాడు. పగలు మాత్రం ఆవిడ గది దాటి రారు. బింగోకు పిలిస్తే తల అడ్డంగా ఊపుతారు. ఇంగ్లీషులో అంకెలు పిలిచే ఆట ఆవిడకేం అర్థమవుతుంది? కానీ రికార్డులో మాత్రం రోజూ "నిరాకరించారు" అని పడుతోంది. పైగా సాయంత్రం అయ్యేసరికి కంగారుగా వాకర్ పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి ఏదో అడుగుతారట. ఇంటికి వెళ్తానంటున్నారని సిబ్బంది అనుకున్నారు. మతిమరుపు ఉన్నవాళ్ళలో పొద్దు వాలే వేళ అలజడి పెరగడం మామూలే కాబట్టి, మందు పెంచాలేమోనన్న మాట కూడా వచ్చిందట.

నేను ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆవిడ అడుగుతున్నది ఒకటే: "అమ్మాయ్, దీపం పెట్టారా?"

అంతే. అరవై ఏళ్ళకు పైగా అసురసంధ్య వేళ ఇంట్లో దీపం పెట్టిన చెయ్యి అది. ఆ చేతికి పని పోయింది. ఆవిడ ఇంటికి పోతాననలేదు, పని అడిగారు.

ఆక్సిజన్ సిలిండర్లు వాడేవాళ్ళు ఉంటారు కనుక అక్కడ వత్తి వెలిగించనివ్వరు. డైరెక్టర్ గారు డాలర్ షాపులో బ్యాటరీ దీపాలు కొనుక్కొచ్చారు. కొడుకు ఇంటి నుంచి ఇత్తడి కుందు, వెంకటేశ్వరస్వామి పటం తెచ్చాడు. గోడ మీద క్యాలెండర్లో రోజూ సాయంత్రం 5 గంటల గడిలో "దీపం" అని కొత్త కార్యక్రమం ఎక్కింది. మొదట ఆవిడ ఒక్కరే. వారం తిరిగేసరికి పక్క గది మెక్సికన్ అవ్వ తన మేరీమాత పటంతో వచ్చి కూర్చుంది. నేను చూసిన ఒక రోజు ఏడుగురున్నారు. మందు పెంచే మాట మళ్ళీ రాలేదు.

రెండో సమస్య మాటలది. మతిమరుపు ముదిరేకొద్దీ, తరవాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి చిన్ననాటి భాష మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. ఈవిడకు ఇంగ్లీషు మొదటి నుంచీ అంతంతమాత్రమే. ఒక రాత్రి కాలు నొప్పి పుట్టి "నొప్పి, నొప్పి" అంటుంటే పాపం ఆ షిఫ్టులో ఉన్నవాళ్ళు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఫోనులో దుబాసీ సౌకర్యం ఉంది కానీ, అర్ధరాత్రి మంచం పక్కన రెండు నిమిషాల పనికి అది అక్కరకు రాదు.

ఆ పని మా బడి మూడో తరగతి పిల్లలకు అప్పగించాం. నొప్పి, నీళ్ళు, ఆకలి, చలి, భయం, మంచం, మందు, చాలు, వద్దు, అబ్బాయి వస్తున్నాడు... ఇలా ముప్పై మాటలు తెలుగులోనూ, పలకడానికి వీలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి, పక్కన బొమ్మ వేసి ప్లాస్టిక్ అట్టల్లో పెట్టారు. "మేం ఇండియాలో ఉండం కదా, తెలుగు ఎందుకు?" అని ప్రతి ఆదివారం నన్ను నిలదీసే ఒక కుర్రాడు "నొప్పి"లో ప వత్తు సరిగ్గా పడిందో లేదోనని నాలుగుసార్లు దిద్దాడు. తప్పు రాస్తే ఎవరికో మందు అందదని వాడికి అర్థమైంది.

అట్టలు పట్టుకుని మొదట నేర్చుకున్నది కెన్యా నుంచి వచ్చిన ఒక కేర్‌గివర్ అమ్మాయి. "నీల్లు" అందట. పెద్దావిడ ఊరుకోలేదు. "నీల్లు కాదే, నీళ్ళు" అని నాలుక మడిచి చూపించారు. మర్నాడు ఆ అమ్మాయి షిఫ్టు మొదలవగానే పాఠానికి వచ్చింది. దాంతో పాటు ఇంకొకటి కూడా నేర్చుకుంది. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. మనవరాలి వయసు పిల్ల తనను పేరు పెట్టి పిలిస్తే ఆవిడకు కొత్తగా ఉండేది. ఇప్పుడు రాత్రి కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ "అమ్మమ్మగారు". ఎవరినీ ఏమీ అడగలేని స్థితిలో వచ్చిన మనిషి, ఆ అంతస్తుకు పంతులమ్మ అయింది.

ఇలాంటి సిబ్బంది గురించి మనం తెలుసుకోవాలి. నర్సింగ్ హోముల్లో పనిచేసే నర్స్ ఎయిడ్‌కు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలనీ, అక్కడివాళ్ళ అభిరుచులకు తగ్గ కార్యక్రమాలు జరపాలనీ 1987 నాటి ఫెడరల్ చట్టంతో వచ్చిన నిబంధనలు చెబుతాయి. అసిస్టెడ్ లివింగ్‌కు మాత్రం ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. మన టెక్సాస్‌లో లైసెన్సులు టైప్ ఎ, టైప్ బి అని రెండు రకాలు. ప్రమాదం జరిగితే ఎవరి సాయం లేకుండా బయటకు రాగలిగినవారికి మొదటిది. సాయం కావలసినవారికి, రాత్రిపూట కూడా చూసుకోవలసినవారికి రెండోది. డబ్బు విషయంలో చాలామంది మెడికేర్ ఉందిగా అనుకుంటారు. అసిస్టెడ్ లివింగ్ అద్దెకు మెడికేర్ పైసా ఇవ్వదు. ఆస్పత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంటుగా ఉన్నాక నర్సింగ్ హోములో చికిత్స అవసరమైతే ఒక విడతకు గరిష్ఠంగా 100 రోజులు, అందులోనూ 20 రోజులు దాటాక రోజుకింత అని మనం కట్టుకోవాలి.

ఎవరైనా ఇలాంటి చోటు చూడటానికి వెళ్తే షాండ్లియర్లు, పియానో చూసి రాకండి. ఒక ఆదివారం సాయంత్రం వెళ్ళండి. క్యాలెండర్లో రాసిన కార్యక్రమం నిజంగా జరుగుతోందా, ఎందరు కూర్చున్నారు, కూర్చున్నవాళ్ళు ఏం చేస్తున్నారు అన్నది గమనించండి. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు ఒకరి నుంచి ఒకరికి ఏం అప్పజెబుతున్నారో వినండి. మా సాఫ్ట్‌వేర్ సపోర్టులో అయినా అంతే. ఆ పది నిమిషాల్లోనే అసలు సంగతి బయటపడుతుంది. "మూడో నంబరు గది స్నానం అయింది" అంటున్నారా, "అమ్మమ్మగారు పొద్దున సరిగా తినలేదు, కనుక్కో" అంటున్నారా? సమస్య వస్తే ప్రతి రాష్ట్రంలోనూ లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్ ఉంటారు. వాళ్ళ సాయానికి రుసుము లేదు.

చివరగా ఒక మనవి. పెద్దవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నా, ఇండియాలో ఉన్నా, ఇంకెక్కడ ఉన్నా, వాళ్ళ గురించి ఒక పేజీ రాసి పెట్టండి. కాఫీలో చక్కెర ఎంత, పెరుగన్నం ఏ వేళ, ఎవరు ఏమని పిలిస్తే పలుకుతారు, సాయంత్రం ఐదింటికి వాళ్ళ చేతులు ఏ పని వెతుక్కుంటాయి. ఆ పేజీ మీ పిల్లల చేత రాయించండి. తాతగారినో అమ్మమ్మనో అడిగి, తెలుగులో రాసుకు రమ్మనండి. ఈ ఏడాది మూడో తరగతికి మేం ఇచ్చే ప్రాజెక్టు అదే. ఇంగ్లీషులోకి మార్చి పెట్టే పని వాలంటీర్లం చూసుకుంటాం. అడిగి తెలుసుకోవడం మాత్రం మీ ఇంట్లోనే జరగాలి.