ముందు నీరు, పిమ్మట చేప



సముద్రమును ఒక గాజు తొట్టిలో నింపి ఇంటి హాలులో నిలుపుకొనవచ్చునని ఎవరైనను చెప్పినచో నీవు నమ్ముదువా? మంచినీటి చేపలను గాజు తొట్లలో పెంచువారిని నీవు పట్టణములలో చూచియుందువు. అది వేరు. నేను చెప్పబోవునది ఉప్పునీటి తొట్టి. అందులో చేపలే గాక, ప్రాణముతో నున్న పగడపు జీవులు, నత్తలు, పీతలు, రొయ్యలు అన్నియు కలిసి బ్రదుకును. అట్టి తొట్టి యొకటి నా కన్నుల యెదుట అమర్చబడుటయు, నిండుటయు, ఒకసారి చావు అంచు వరకు పోయి తిరిగి వచ్చుటయు నేను చూచితిని. చూచుట మాత్రమే కాదు, కొంతకాలము దానికి పనివాడనై యుంటిని. చెరువుల నడుమ బ్రదుకుచున్న నీకు ఈ సంగతి సులువుగా బోధపడునని తలంచి వ్రాయుచున్నాను.

మాది భీమవరము ప్రాంతమునందలి ఒక పల్లె. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. 2019లో నా భార్య మరణించెను. ఆ యేటి చివర మా అమ్మాయి వచ్చి నన్ను అమెరికాలోని హ్యూస్టన్ నగరమునకు తోడుకొనిపోయెను. ఆ యింట నాకు ఏ లోటును లేదు. చేయుటకు పనియు లేదు. తోడు పోయిన ముసలివానికి పనిలేని పగలు ఎంత పొడుగో అనుభవించినవారికే తెలియును. 2020లో కరోనా వచ్చి అందరును ఇండ్లు కదలలేనప్పుడు, మా అల్లుడు తన చిరకాలపు కోరికను బయట పెట్టెను.

"మామయ్యగారూ, మీరు తోడుంటే ఈ యేడు సముద్రపు తొట్టి పెడదామనుకుంటున్నాను."

"నాకేమి తెలుసు బాబూ?"

"చెరువు ఎరిగినవారు గదా, మీకు తెలియక ఎవరికి తెలుస్తుంది?"

తొట్టి పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 2 అడుగులకు కొంచెము పైన. దానిలో సుమారు 680 లీటర్ల నీరు పట్టును. 15 లీటర్ల బిందెతో లెక్కించినచో ఇంచుమించు 45 బిందెలు. నీరు, గాజు, రాళ్లు, బల్ల అన్నియు కలిసి ఒక టన్నుకు తక్కువ కాదు. కాబట్టి మొదట చూచినది చేపలను కాదు, నేలను. క్రింది అంతస్తులో కాంక్రీటు నేలమీద చోటు ఎంచి, తాపీమేస్త్రి గోడకు పెట్టినట్లే రసమట్టము పెట్టి బల్లను సరిచేసితిమి. బల్ల ఒక మూల ఏమాత్రము వాలినను, ఆ బరువంతయు గాజు అతుకుల మీద పడును.

పిమ్మట నీటి సంగతి. కుళాయి నీటిలో మనుష్యుల ఆరోగ్యమునకు మందు కలుపుదురు. అది ఈ జీవులకు విషము. కాబట్టి మన ఊళ్లలో మినరల్ వాటర్ ప్లాంటులో చేయునట్లే నీటిని వడగట్టి, దానిలో ఉప్పు కలిపితిమి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో సున్నపు ధాతువు, మెగ్నీషియము మొదలైనవి అనేకము కలవు. అవన్నియు తగు పాళ్లలో చేర్చిన ఉప్పు ప్రత్యేకముగా అమ్ముదురు. లీటరుకు సుమారు 35 గ్రాములు చొప్పున ఆ తొట్టికి 24 కిలోల వరకు పట్టెను. నీటిని 25, 26 డిగ్రీల వేడిమిలో నిలుపుటకు ఒక హీటరు, అలల వలె నీటిని కదల్చుటకు పంపులు, చెడుగును నురుగుగా పైకి తెచ్చి తీసివేయుటకు ఒక గొట్టము అమర్చితిమి. అలలు ఒడ్డున తెల్లని నురుగును ఎట్లు తోసివేయునో ఆ గొట్టము చేయు పనియు అట్టిదే.

రాళ్లు పేర్చి, నీరు నింపి, దీపములు వెలిగించితిమి. తొట్టి తళతళలాడెను. ఎనిమిదేండ్ల మనుమరాలు కుర్చీ తెచ్చుకొని యెదుట కూర్చుండెను.

"తాతయ్యా, చేపలు ఎప్పుడొస్తాయి?"

"ఇంకా ఆరు వారాలు పడుతుందమ్మా."

"ఉత్త నీళ్లే గదా ఉన్నవి! ఏమున్నదని ఆగాలి?"

ఏమున్నదో చెప్పెదను, చదువరీ, ఇదియే ఈ పని యంతటికిని కీలకము. చేప విసర్జించు మలిన పదార్థమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషమని రొయ్యల రైతుకు చెప్పనక్కర లేదు. దానిని తిని నైట్రైటుగా మార్చు సూక్ష్మజీవులు ఒక జాతి, అదియు విషమే. ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చునవి మరియొక జాతి. ఇవి మన కంటికి కనబడవు. రాళ్ల రంధ్రములలోను ఇసుకలోను కాపురముండును. వీటిని తొందరపెట్టుట యెవరి తరమును కాదు. మేము చేపకు బదులు కొన్ని చుక్కల అమ్మోనియాను మేతగా వేసి, దినదినము ఒక చిన్న గాజు గొట్టములో నీరు తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూచి కొలిచితిమి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గెను. పిమ్మట నైట్రైటు పెరిగి తగ్గెను. రెండును సున్నకు దిగిన దినమున, చేప యొక్కటియు లేని ఆ తొట్టి చేపలకు ఇల్లాయెను.

ఈ కొలతలు వ్రాయు పుస్తకము నాకు అప్పగించిరి. ఉదయము లేచి నీరు కొలుచుట, తేదీ వేసి అంకెలు వ్రాయుట నా పని. ఆ యింట నాకు దొరికిన మొదటి పని యది. నన్ను మరపించుటకు ఇచ్చిరనుకొంటిని గాని, నా లెక్క చూడక అల్లుడు తొట్టిలో చేయి పెట్టెడివాడు కాడు. అప్పుడు నాకు ఉదయమున లేచుటకు ఒక కారణము కలిగెను.

తరువాత రాళ్లమీద గోధుమరంగు మడ్డి పేరుకొనెను, పిమ్మట పచ్చని నాచు జుట్టువలె పెరిగెను. అందమంతయు పోయెనని మా అమ్మాయి విసుగుకొనెను. క్రొత్త తొట్టికి ఇది సహజము. నత్తలను విడిచి, కొంత చేతితో పీకి, మిగిలినది కాలమునకు విడిచితిమి. మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన రెండు నారింజరంగు చారల చేపలను తెచ్చి, వేరొక చిన్న తొట్టిలో కొన్ని వారములు ఉంచి, రోగము లేదని చూచుకొనిన పిమ్మటనే విడిచితిమి. విడుచునప్పుడు సంచిని నీటిపై తేలనిచ్చితిమి. రొయ్యల సీడు వచ్చినప్పుడు మన రైతులు చేయునదియు అదియే గదా! నేను పాపకు ఆ సంగతి చెప్పగా, "అయితే మన ఊళ్లో అందరికీ ఇది తెలుసా?" అని ఆశ్చర్యపడెను.

పగడమనగా ఉంగరములో పొదుగు రాయి యని మనలో అనేకులు తలంతురు. అది జీవి. వేలకొలది చిన్ని నోళ్లు గల జీవులు ఒకే సున్నపు కట్టడములో కలిసి కాపురముండును. వాటి దేహములలో కంటికి కనబడని నాచు నివసించి, వెలుతురుతో ఆహారము వండి వాటికి పెట్టును. అందుచేతనే దీపములు కావలెను. మా తొట్టిలోనివి సముద్రము నుండి పెరికి తెచ్చినవి కావు. ఇతరుల తొట్లలో పెరిగిన వాటినుండి త్రుంచి యిచ్చిన ముక్కలు. కడియము తోటలలో కొమ్మ తెచ్చి అంటు కట్టినట్లే వాటిని రాతికి అతికించుదురు. మన దేశములో మాత్రము సముద్రపు పగడపు జీవులను తీయుట నేరము. వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటికి పులితో సమానమైన రక్షణ నిచ్చియున్నది.

పగడము తన యిల్లు కట్టుకొనుటకు నీటిలోని సున్నమును వాడుకొనును. దానిని తిరిగి ఇచ్చుటకు ఏమి చేయుదురో తెలియునా? సున్నపు తేట! మన అమ్మమ్మలు ఎరిగిన సున్నపు తేటయే. రాత్రివేళ బొట్టుబొట్టుగా విడుతురు. ఒక్కసారి పోసినచో నీటి గుణము చెడి జీవులు చచ్చును. తొట్టిలో నీరు ఆవిరియై తగ్గినప్పుడు ఉప్పునీరు పోయరాదు, మంచినీరే పోయవలెను. ఆవిరి అగునది నీరే గాని ఉప్పు కాదు. ఉప్పుమడి చూచినవారికి ఇది చెప్పనేల?

ఒకనాడు అల్లుడు నాకు ఒక చరిత్ర వినిపించెను. 1846లో ఇంగ్లండు దేశమునందు ఆనా థిన్ అను స్త్రీ, లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ దేవాలయపు గురువుల యొకరి భార్య, టార్క్వే సముద్రతీరమున చిన్న పగడపు జీవులను సేకరించి లండనునకు తెచ్చెను. నాటికి కరెంటు పంపులు లేవు. సముద్రపు నీరు మార్చుటకు చాలలేదు. అప్పుడామె తెరచిన కిటికీ యొద్ద ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి మరల మరల పోయించెను. గాలి కలిసిన నీటిలో జీవులు బ్రదికెను. మరుసటి యేడు సముద్రపు మొక్కలను చేర్చి వాటిని సుమారు మూడేండ్లు కాపాడెను. ఈ కథ అప్పుడు నాకు వేడుకగా తోచెను. అది త్వరలోనే మా అక్కరకు వచ్చునని నేనెరుగను.

2021 ఫిబ్రవరి 15వ తేదీ తెల్లవారకముందే కరెంటు పోయెను. టెక్సాస్ రాష్ట్రమంతట తీవ్రమైన చలి. 40 లక్షలకు పైగా ఇండ్లు, దుకాణములు చీకటిలో పడెను. ఆ చలిలో 200 మందికి పైగా మరణించిరని తరువాత లెక్క తేలెను. మేము ఒకే గదిలో దుప్పట్లు కప్పుకొని కూర్చుంటిమి. హాలులో పంపులు ఆగిపోయెను. ఏరేటరు ఆగిన చెరువు తెల్లవారుసరికి ఏమగునో భీమవరపు మనిషికి ఎవరు చెప్పవలెను?

మొదట మనుష్యులు, పిమ్మటనే తొట్టి యని మా అమ్మాయి ఖండితముగా చెప్పెను. అది న్యాయము. పాపను వెచ్చగా పండుకొనబెట్టి, తొట్టి చుట్టు రగ్గులు చుట్టితిమి. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగెను. కిటికీ కొంచెము తెరచి, నీరు కాచి, మూత బిగించిన సీసాలలో పోసి తొట్టిలో తేల్చితిమి. బ్యాటరీతో నడుచు చిన్న గాలి పంపు ఆ సాయంకాలము వరకు పనిచేసి ఆగిపోయెను. అప్పుడు నేను చెంబు తీసికొంటిని. నీరు ముంచుట, జానెడెత్తునుండి పోయుట. ముంచుట, పోయుట. పావుగంట నేను, పావుగంట అల్లుడు, నడుమ అమ్మాయి. రెండవ రాత్రి పాప మేలుకొని వచ్చి, "తాతయ్యా, వెస్ట్‌మినిస్టర్ అమ్మగారిలాగా పోస్తున్నావా?" అని తన గ్లాసు తెచ్చుకొనెను.

నేను నా భార్యకు కడపటి దినములలో చెంచాతో నీరు పోసినవాడను. ఆ చేతులతోనే ఇది చేయుచున్నానని ఆ రాత్రి నాకు తోచెను. ఆమె బ్రదుకలేదు. అయినను పోసిన నీరు వ్యర్థమని నేను ఎన్నడును తలంచలేదు.

రెండు రాత్రులు, రెండు పగళ్లు గడచిన తరువాత కరెంటు వచ్చెను. నీటి వేడిమి 20 డిగ్రీలకు పడిపోయియుండెను. చేపలలో ఒకటి చచ్చెను. పగడపు ముక్కలలో నాలుగు తెల్లబడి పోయెను. తక్కినవి వారము దినములలో మరల విచ్చుకొనెను. చచ్చిన చేప మూలమున అమ్మోనియా పెరుగునని భయపడి కొలిచి చూచితిని, సున్న. కంటికి కనబడని ఆ పనివారు రాళ్లలో నుండి తమ పని మానలేదు.

నేను 2022లో మన ఊరికి తిరిగి వచ్చితిని. కొలతల పుస్తకము మనుమరాలి చేతికి ఇచ్చి వచ్చితిని. ఆమె ఇప్పుడు వారమునకొకసారి ఫోనులో అంకెలు చదివి వినిపించును. నేనును ఇక్కడ వ్రాసికొందును.

చదువరీ, ఇట్టి తొట్టి పెట్టుకొమ్మని నేను నీకు చెప్పుట లేదు. ఖర్చు తక్కువ కాదు, శ్రమ అంతకంటె ఎక్కువ. కాని నీవు క్రొత్తగా దేనినైనను నిలుపబూనుదువేమో: ఒక బడి, ఒక చెరువు, కొడుకు కోడలి కాపురము, లేక దుఃఖము తరువాత నీ స్వంత జీవితము. అప్పుడు వట్టి నీరు చూచి విసుగుకొనకుము. చేపలు లేవని ఎగతాళి చేయువారుందురు. నీవు మాత్రము దినదినము నీరు కొలుచుచు, సున్నకు దిగువరకు ఓర్చుకొనుము. చీకటి వచ్చిన రాత్రి చేతిలో చెంబున్నచో చాలును, ముంచి పోయుచుండుము.