నర్సాపురం లేసు: ఒక పువ్వు, రెండు చేతులు

భీమవరం నుంచి రైలెక్కితే నర్సాపురంలో పట్టాలు అయిపోతాయి. ఆ పక్కనే వశిష్ట గోదావరి. చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం వంట పనయ్యాక ఆడవాళ్ల చేతుల్లో క్రోషే సూదులు ఆడుతుంటాయి. రీల్స్ చూసి కీచైన్లు, హెయిర్ బ్యాండ్లు అల్లేవాళ్లు ఓసారి ఇక్కడికి రావాలి.

పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. చాలాసార్లు ఒకరు అల్లిన పువ్వుని ఇంకొకరు అతుకుతారు. ఇంట్లో మీరూ ట్రై చేయొచ్చు: రెండో పువ్వు చివరి వరుస అల్లేటప్పుడే మొదటి పువ్వు గొలుసులోంచి సూది దూర్చి దారం లాగండి. విడిగా కుట్టక్కర్లేదు, ముడి కనపడదు. ఫ్రెండ్‌కి ఇచ్చే టేబుల్ మ్యాట్‌కి ఇదే అందం.

అసలైన క్రోషే మిషన్ మీద రాదు. ప్రతి కుట్టూ చెయ్యి వేయాల్సిందే. అయినా దారం ఇచ్చి, అల్లింది పట్టుకెళ్లి అమ్మేది మధ్యవాళ్లు. కష్టానికీ కూలికీ పొంతన లేదని మరియా మీస్ 1982లో ఈ ఊరి లేసు మీదే పుస్తకం రాశారు. రోజంతా అల్లినా వీళ్లని ‘గృహిణులు’ అనేశారు, పనివాళ్లని కాదు! 2024లో లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. మరి కూలి? షాపులో బేరం మొదలెట్టే ముందు అడగండి: ‘అల్లినావిడకి ఇందులో ఎంత?’