కెర్నెలు, మాడ్యూలు

పూర్వము మన సికింద్రాబాదున రెండు విధములగు రైలుపట్టాలుండెను. బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజి 1000. ఒకదాని పెట్టె రెండవదానిపై నడువదు. కంప్యూటరునందును ఇట్టి నియమమే కలదు.

లైనక్సు కెర్నెలునకు వెలుపల కూర్పబడు మాడ్యూలు, తాను ఏ కెర్నెలుకొఱకు పుట్టెనో ఆ సంఖ్యను తనలో ధరించియుండును. సంఖ్య భేదించినచో సాధారణముగా కెర్నెలు దానిని లోనికి రానీయదు. కెర్నెలు లోపలి యేర్పాట్లు స్థిరములు గావు; వ్రాయువారు వానిని స్వేచ్ఛగా మార్చుచుందురు. కావున వర్చువల్ బాక్సు మాడ్యూలును ప్రతి క్రొత్త కెర్నెలునకు మరల కూర్పవలయును. డీకేయంయస్ అను సాధనము ఈ పని తనంతట చేయును గాని, సోర్సుకోడే మిక్కిలి పాతదైనచో అదియు నిస్సహాయము. 2007లో 2.6.20 కెర్నెలుతో వెలువడిన కేవీయం మాత్రము కెర్నెలులోనిదే. అది ఇంటివాడు, వర్చువల్ బాక్సు అతిథి.

ఇంటివాడును చిక్కు తేకపోలేదు. 2024లో వచ్చిన 6.12 కెర్నెలునుండి కేవీయం తాను మేల్కొనినతోడనే ప్రాసెసరునందలి వర్చువలైజేషను సౌకర్యమును స్వాధీనము చేసికొనసాగెను. నాటి వర్చువల్ బాక్సునకు చోటు లేకపోయెను. పద్మారావు నగరునందలి మా యింట, అన్నయ్య ప్రాక్టికల్ పరీక్షకు మూడు దినములుండగా, ఆయన ప్రోగ్రాములన్నియు గల లోపలి యంత్రము ఇట్లే మొరాయించెను. అమ్మ నిదురపోలేదు. బూటు పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొనగా యంత్రము లేచెను. పరీక్ష ముగిసిన పిదప, కేవీయం తొందరను మాన్పు ఆజ్ఞను బూటు పంక్తిలో చేర్చి, క్రొత్త కెర్నెలుతోనే నడుపుచున్నాము.